గురువు రాని ఏళ్లలో నాయనమ్మ
తెలుగు నేల మీద సిలువ – 7

గత వారం గాస్టన్ కేర్దూ ఫాదరు తెలుగు నిఘంటువు గురించి చెప్పుకున్నాం. సంస్కృతానికీ గ్రీకు, లాటిన్ భాషలకీ ఉన్న చుట్టరికాన్ని 1767లోనే పారిస్ పండితులకు ఉత్తరం రాసి చెప్పిన మనిషి ఆయన. 1779లో కన్నుమూశాడు. అప్పటికి ఆయన చేరిన సభే లేదు. 1773 జూలై 21న పోపు పద్నాలుగో క్లెమెంట్ ఒక్క ఆజ్ఞతో యేసుసభను రద్దు చేశాడు. యూరప్ రాజుల ఒత్తిడికి రోములో తలవంచితే, ఆ దెబ్బ కొండవీటి కింద పల్లెల్లో తగిలింది. పుంగనూరు, కృష్ణాపురాలతో మొదలై డెబ్బై ఏళ్లు నడిచిన ఆ సభ కర్ణాటక మిషనుకు కొత్త గురువులు రావడం ఆగిపోయింది. 1776లో పారిస్ విదేశీ మిషను వాళ్లు దాన్ని తమ కింద వేసుకున్నారు. వేసుకున్నారే గానీ పంపడానికి మనుషులు కావాలి కదా. కొన్నాళ్లకే ఫ్రాన్సులో విప్లవం వచ్చింది. అక్కడే గురువులు ప్రాణాలు అరచేత పట్టుకుని తిరుగుతున్నారు.

ఇక్కడ చూస్తే హైదర్ అలీ దండయాత్రలు, కరువులు, వలసలు. రాయలసీమలో వేదంలో, అంటే కతోలిక మతంలో, కలిసిన రెడ్డి, కమ్మ కుటుంబాలు చాలావరకు గుంటూరు వైపు కదిలి వచ్చాయి. కొన్ని ఇంకా దక్షిణానికి, మద్రాసు చుట్టుపక్కలకు పోయాయి. ఊరు మారితే గుడి కట్టుకోవడానికి ఒక తరం పట్టేది. గురువు రావడానికి అంతకంటే ఎక్కువ పట్టినా ఆశ్చర్యం లేదు. 1814లో యేసుసభను మళ్లీ నిలబెట్టారు. తెలుగు పల్లెలకు మటుకు విచారణ గురువు ఊళ్లో ఉండటం అనేది దాదాపు 19వ శతాబ్దం చివరి దాకా అపురూపమే.

మధ్యలో గడిచింది వందేళ్లు. ఆ వందేళ్లూ వేదాన్ని ఎవరు నిలిపారు? సంఘ చరిత్రలు తిరగేస్తే ఒక్క పేజీలో దాటేస్తాయి. గురువులు లేని కాలం కాబట్టి ఉత్తరాలు లేవు. ఉత్తరాలు లేవు కాబట్టి చరిత్ర లేదు. అంతకుముందు కాలపు యేసుసభ వాళ్ల ఉత్తరాల సంపుటాలు ఫ్రాన్సులో 1702 నుంచి అచ్చయ్యాయి. వాటిలో కూడా రాజులు, పాలెగాళ్లు, బ్రాహ్మణులతో వాదాలు కనిపించినంతగా ఆడవాళ్లు కనిపించరు. కనిపించినా పేరుండదు, ‘ఒక వృద్ధురాలు’ అని ఉంటుంది. నా అనుమానమల్లా ఆ పేరులేని వృద్ధురాలి మీదే.

గురువు లేకపోతే ఇంట్లో ఏం ఆగిపోతుందో, ఏం ఆగదో ఒకసారి చూడండి. గురువు చెప్పే పూజ ఆగిపోతుంది, ఆయన చెవిన పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనం ఆగిపోతుంది. చావు బతుకుల్లో ఉన్నవాళ్లకు అవస్థ అభ్యంగనం అందదు. జపమాల ఆగదు. శుక్రవారం మాంసం మానేయడం, తపస్సు కాలం పాటించడం, పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం త్రికాల జపం చెప్పుకోవడం, ఇవేవీ ఆగవు. ఆగనివన్నీ ఇంట్లో జరిగేవి. వంట ఎవరి చేతిలో ఉందో శుక్రవారం వాళ్ల చేతిలో ఉంటుంది. దీపం పెట్టేదెవరో సాయంత్రం జపం మొదలెట్టేదీ వాళ్లే. మగవాళ్లలో జపాలు నేర్పే ఉపదేశి ఉండేవాడు, కాదనను. ఆయన ఊరికి ఒక్కడు, ఒక్కోసారి నాలుగూళ్లకు ఒక్కడు. ముసలావిడ ప్రతి ఇంట్లోనూ ఉంది.

అన్నిటికంటే పెద్ద విషయం జ్ఞానస్నానం. ప్రాణాపాయంలో ఉన్న బిడ్డకు గురువు అందుబాటులో లేకపోతే ఎవరైనా జ్ఞానస్నానం ఇవ్వొచ్చని కతోలిక సంఘం ఎప్పటినుంచో ఒప్పుకుంది. ఆడవాళ్లయినా సరే. నీళ్లుండాలి, త్రిత్వం పేరున చెప్పాల్సిన మాట తప్పు పోకుండా చెప్పాలి, సంఘం ఉద్దేశించినదాన్నే చేస్తున్నాననే తలంపు ఉండాలి, అంతే. పురిటి గదిలోకి అప్పుడు మగవాళ్లు వచ్చేవాళ్లు కాదు. పుట్టిన బిడ్డ ఏడవలేదు, ఒళ్లు నీలంగా మారుతోంది. ఆ క్షణంలో చెంబు అందుకుని నుదుటి మీద నీళ్లు పోసేది మంత్రసానో, నాయనమ్మో. గురువు ఏడాదికో రెండేళ్లకో వచ్చినప్పుడు ‘ఎలా పోశావు, ఏమని చెప్పావు’ అని అడిగేవాడు. సరిగ్గా చెప్పిందని తేలితే ఆ జ్ఞానస్నానం చెల్లినట్టే, మళ్లీ ఇవ్వకూడదు. ఆమె చేసింది రోములో పోపు చేసిన దానితో సమానం. పూజపీఠం దగ్గరకు రానివ్వని సంఘం పురిటి మంచం దగ్గర ఆమెకు ఇచ్చిన అధికారం ఇది.

ఇంకో సాక్ష్యం ఆ ఊళ్ల మనుషుల పేర్లలో దొరుకుతుంది. ఇన్నయ్య, ఇన్నాసమ్మ, శౌరయ్య, శౌరమ్మ, బాలశౌరి. యేసుసభను స్థాపించిన ఇగ్నేషియస్, ఆ సభలోకెల్లా పేరున్న ఫ్రాన్సిస్ శౌరి వీళ్ల పేరు పెట్టుకున్నవాళ్లు. సభను రోము రద్దు చేసింది గానీ గుంటూరు పల్లెల్లో ఆ ఇద్దరి పేర్లూ ఇంటింటా మోగుతూనే ఉన్నాయి. తాత పేరు మనవడికి, నాయనమ్మ పేరు మనవరాలికి పెట్టే ఆనవాయితీ ఆ పని చేసింది. 1858లో లూర్దు దర్శనాల తర్వాత లూర్దమ్మలు వచ్చారు, 1917 తర్వాత ఫాతిమాలు వచ్చారు. పాత విచారణల్లో జ్ఞానస్నానాల పుస్తకం తిరగేస్తే తేదీ చూడకుండానే కాలం పోల్చుకోవచ్చు.

ఆడవాళ్ల బతుకుతో ఈ మతానికి పడ్డ పెద్ద పేచీ ఒకటి అంతకంటే ముందుది. 1703 నవంబరులో పోపు దూత మయ్యార్ ద తూర్నాన్ పుదుచ్చేరిలో దిగాడు. ఎనిమిది నెలలున్నాడు. తమిళ, తెలుగు లోపలి ఊళ్లను చూడలేదు. చూడకుండానే 1704 జూన్ 23 తేదీతో పదహారు అంశాల ఆజ్ఞ రాసి చైనాకు ఓడెక్కాడు. మలబారు ఆచారాల వివాదంగా చరిత్రకారులు దాన్ని పెద్ద వేదాంత చర్చలా రాస్తారు. ఆ పదహారింటిలో ఎన్ని ఇంటి ఆడవాళ్ల గురించో గమనించినవాళ్లు తక్కువ. పిళ్లారి బొమ్మ ఉన్న తాళి కట్టకూడదు, సిలువ గానీ దేవమాత బొమ్మ గానీ ఉన్నది కట్టుకోవచ్చు. పసుపు పూసిన నూటెనిమిది పోగుల తాడు కూడదు. పెళ్లిలో కొబ్బరికాయతో శకునం చూడకూడదు. పెద్దమనిషైన పిల్లకు వేడుక చేయకూడదు. నెలసరి పేరు చెప్పి ఆడవాళ్లను గుడికీ పాపసంకీర్తనానికీ దూరం పెట్టకూడదు.

చివరి మాట ఇవాళ చదివితే తూర్నాన్ మీద కొంచెం గౌరవం కలుగుతుంది. మిగతావి చదివితే పసుపుతాడు విలువ తెలియని దొర అనిపిస్తుంది. 1744లో పోపు పద్నాలుగో బెనెడిక్ట్ ఈ గొడవకు ముగింపు పలికాడు. పల్లెల్లో మాత్రం ఆడవాళ్లు తమ ముగింపు తాము పలికారు. తాళి ఉంది, దాని మీద సిలువ ఉంది, తాడుకు పసుపూ ఉంది. గుంటూరు జిల్లా కతోలిక ముసలమ్మల మెడలో నేను చూసిన తాళి అదే.

మా నాయనమ్మ సంగతి ఇక్కడ చెప్పక తప్పదు, ఎందుకంటే ఈ వ్యాసానికి నాకు దొరికిన మొదటి ఆధారం ఆవిడే. సత్తెనపల్లి వైపు పల్లె, మిరప వ్యవసాయం. చదువు రాదు. జపాల పుస్తకం మొత్తం నోటికొచ్చు. మిరపకాయ కళ్లంలో ఆరేదీ తపస్సు కాలం నడిచేదీ ఒకటే రోజులు, ఫిబ్రవరి, మార్చి. సాయంత్రం త్రికాల జపం గంట కొట్టగానే వసారాలో చాప వేసుకుని కూర్చునేది, పైట కొంగు నెత్తి మీదికి లాక్కునేది. జపమాల కర్ర పూసలది, వేళ్లు తగిలి తగిలి పూసల మీద నలుపు నిగనిగలాడేది. మొదటి పది జపాలు పోయినవాళ్లకు. రెండోది దూరాన ఉన్న కొడుకులకు. మూడో పది ఆకాశాన్ని బట్టి ఉండేది.

“మబ్బు పట్టింది తల్లీ, కాయ కళ్లంలోనే ఉంది, నువ్వే చూసుకోవాల” అని దేవమాతతో ఒక మాట చెప్పి మళ్లీ పూస పట్టుకునేది. జపం మధ్యలో పెరటి వైపు తిరిగి, “ఒరేయ్, దూడ తాడు తెంపుకుంది చూడండ్రా, పాలన్నీ తాగేస్తది!” అని కేకేసి, ఆగిన పూస దగ్గరే సరిగ్గా అందుకునేది. పిల్లలం నవ్వేవాళ్లం. లెక్క ఎప్పుడైనా తప్పుతుందేమో అని వేళ్లే చూసేవాణ్ని నేను. తప్పేది కాదు.

పూజ అప్పటికి తెలుగులోకి వచ్చింది. 1962–65 వాటికన్ మహాసభ తర్వాత వచ్చిన మార్పు అది. అంతకుముందు గురువు జనం వైపు వీపు పెట్టి లాటిన్‌లో చెప్పేవాడు, కింద చాపల మీద ఆడవాళ్లు తెలుగులో జపమాల చెప్పుకునేవాళ్లు. గంట మోగినప్పుడు తలలు వంచేవాళ్లు, మళ్లీ పూసల్లోకి వెళ్లేవాళ్లు. రెండు ప్రార్థనలు ఒకే కప్పు కింద దేని దారిన అది నడిచేవి. తెలుగు పూజ వచ్చాక కూడా మా నాయనమ్మ పెదవులు ఆగలేదు. కుర్ర ఫాదరు ఒకాయన, “అమ్మా, ఇప్పుడు అర్థమవుతుంది కదా, జపమాల పక్కన పెట్టి పూజ వినండి” అన్నాడు. “మీ పని మీరు కానివ్వండి స్వామీ, మధ్యలో నేనేం అడ్డం?” అంది. ఆయన మళ్లీ అడగలేదు.

ఉపవాసం కూడా అంతే. సత్ప్రసాదం తీసుకోవాలంటే అర్ధరాత్రి నుంచి మంచినీళ్లు కూడా ముట్టకూడదనేది పాత నియమం. 1953లో పోపు పన్నెండో పయస్ నీళ్లు తాగొచ్చన్నాడు. 1957లో మూడు గంటలకు తగ్గించాడు. 1964లో ఆరో పౌలు పోపు ఒక్క గంట చాలన్నాడు. 1970లలో కూడా మా నాయనమ్మ అర్ధరాత్రి లెక్కే పాటించేది, ఎండలో నడిచి గుడికి పోయేది.

“పోపుగారే తాగమన్నారంట గదా నాయనమ్మా?”

“ఆయన పెద్దాయన, ముసలోళ్ల మీద జాలిపడి చెప్పుంటాడు. నేను తాగకపోతే ఆయనకేం తక్కువ?”

1969లో భారతీయ పద్ధతులంటూ పన్నెండు అంశాలకు రోము అనుమతి ఇచ్చింది. నేల మీద కూర్చోవచ్చు, చెప్పులు విడిచి రావచ్చు, మోకరించడానికి బదులు చేతులు జోడించి తల వంచవచ్చు, నూనె దీపం వెలిగించవచ్చు. పట్నాల్లో వాటి మీద పెద్ద పోట్లాటలే జరిగాయి, హిందూ మతంలో కలిపేస్తున్నారని అరిచినవాళ్లూ ఉన్నారు. మా ఊళ్లో ఎవరూ పట్టించుకోలేదు. నేల మీద కాక ఇంకెక్కడ కూర్చుంటారని అడిగేవాళ్లు.

ఇక్కడ ఒక మాట దాచకూడదు. నాయనమ్మ ఇంట్లో జపం నిలిచినట్టే కులమూ నిలిచింది. గుళ్లో మగవాళ్లు ఒక వైపు, ఆడవాళ్లు ఒక వైపు కూర్చోవడం అందరికీ తెలుసు. ఆ రెండు వైపుల్లోనూ ఎవరు ముందు, ఎవరు వెనక అన్నదీ తెలుసు. కొన్ని ఊళ్లలో సమాధుల దొడ్లు కూడా వేరు. మాల, మాదిగ కుటుంబాలు పెద్ద సంఖ్యలో వేదంలోకి వచ్చింది 19వ శతాబ్దం చివరిలో, 20వ శతాబ్దం మొదట్లో. ఆ ఇళ్లలో నాయనమ్మలు మోసిన భారం వేరు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపారు గానీ క్రైస్తవులను కలపలేదు. అందుకే ఒకే మనిషి గుళ్లో మరియమ్మ, బడి సర్టిఫికెట్టులో ఇంకో పేరు. ఆ ఇళ్ల ముసలమ్మలు జపమాలతో పాటు మనవళ్ల రెండో పేరునూ గుర్తు పెట్టుకోవాల్సి వచ్చింది. కర్నూలు జిల్లా బిడ్డ పూల ఆంతోని 2022 ఆగస్టు 27న కార్డినల్ అయినప్పుడు తెలుగువాళ్లలో మొదటివాడు, దళితుల్లో మొదటివాడు అని పత్రికలు రాశాయి.

పేరులేని ముసలమ్మల వరసలో ఒక్కావిడకు పేరు మిగిలింది. జ్ఞానమ్మ. 1822లో ఫిరంగిపురంలో పుట్టింది. ఆ మరుసటి ఏడు, 1823లో, ముప్పై ఏళ్లు ఈ దేశంలో తిరిగిన ఫ్రెంచి గురువు అబ్బే దుబ్వా లండన్‌లో ఒక పుస్తకం అచ్చు వేయించాడు. హిందువులను క్రైస్తవులుగా మార్చడం ఇక జరిగే పని కాదు, ఉన్న సంఘాలు కూడా క్షీణిస్తున్నాయన్నది దాని సారాంశం. పండితుడే, కళ్లతో చూసి రాసినవాడే. అయితే ఆయన లెక్కపెట్టింది గురువులనూ కొత్తగా మారేవాళ్లనూ. ఉయ్యాల పక్కన కూర్చుని సిలువ గుర్తు వేయడం నేర్పే మనిషిని ఎవరూ లెక్కపెట్టలేదు, ఆయనా పెట్టలేదు.

జ్ఞానమ్మకు పదేళ్లప్పుడు డొక్కల కరువు వచ్చింది. నందన నామ సంవత్సరం, 1832–33. గుంటూరు జిల్లా జనాభా అప్పుడు అయిదు లక్షల దాకా ఉంటే, లక్షన్నర నుంచి రెండు లక్షల మంది పోయారని అంచనా. మద్రాసు బాట పొడవునా శవాలు. ఆ బాట చివర, మద్రాసుకు పడమరగా, ఇవాళ తిరువళ్లూరు జిల్లాలో ఉన్న కీళచ్చేరి అప్పటికే వలస వెళ్లిన తెలుగు కతోలిక కుటుంబాలు స్థిరపడ్డ ఊరు. జ్ఞానమ్మ అత్తవారిల్లు అక్కడే. భర్త ఇన్నయ్య బడిపంతులు. అయిదుగురు కొడుకులు. అంతవరకూ ఆవిడ బతుకు ఆ కాలపు ఏ కతోలిక ఇల్లాలి బతుకు లాంటిదే.

భర్త పోయాక కొడుకుల పంచన కూర్చుని జపమాల తిప్పుకోవాల్సిన వయసులో ఆవిడ 1863లో కీళచ్చేరిలో ఆడపిల్లలకు బడి పెట్టింది. కందుకూరి వీరేశలింగం ధవళేశ్వరంలో బాలికల పాఠశాల తెరిచింది 1874లో అని గుర్తుంచుకుంటే ఈ తేదీ బరువు తెలుస్తుంది. మిషను బళ్లలో ఆడపిల్లలకు చదువు అప్పటికే లేకపోలేదు. అయితే వాటిని నడిపింది దొరసానులు. ఇక్కడ నడిపింది వితంతువైన తెలుగు తల్లి, ఏ దేశం నుంచీ ఓడెక్కి వచ్చిన మనిషి కాదు. వితంతువు ఎదురొస్తే ఆగిపోయే కాలంలో, పిల్లలను ఆవిడ దగ్గరకే పంపడానికి ఇళ్లు ఒప్పుకున్నాయి. ఆ బడి చుట్టూ చేరిన కన్నెపిల్లలతోనే కన్యాసభ ఏర్పడింది. మద్రాసు, ఫిరంగిపురం అన్నమ్మ సభలు రెండూ ఆవిడనే స్థాపకురాలిగా చెప్పుకుంటాయి.

సభకు పెట్టుకున్న పేరు చూడండి, పునీత అన్నమ్మ. మరియమ్మ తల్లి, అంటే యేసుకు అమ్మమ్మ. సువార్తల్లో ఆవిడ పేరే లేదు. రెండో శతాబ్దపు యాకోబు ఆది సువార్త అనే గ్రంథంలో మొదటిసారి కనిపిస్తుంది, అది బైబిలులో చేరలేదు. అయినా జనం ఆవిడను వదల్లేదు. యేసుకు అమ్మమ్మ ఉండి తీరాలి కదా అని పట్టుకున్నారు. యూరప్ చిత్రకారులు ఆవిడను తరచుగా ఒక పనిలో చూపిస్తారు, ఒళ్లో పుస్తకం, పక్కన చిన్నపిల్ల మరియ, వేలు అక్షరం మీద. ఆడపిల్లల బడి నడిపే సభకు ఇంతకంటే తగిన పునీతురాలు ఎక్కడ దొరుకుతుంది? కొత్త నిబంధనలో అమ్మమ్మ అని చెప్పి పేరుతో సహా కనిపించేది మాత్రం ఒక్కతే, తిమోతి అమ్మమ్మ లోయి. మనవడి విశ్వాసం ముందు ఆవిడలో ఉన్నదేనని పౌలు తిమోతికి రాసిన రెండో ఉత్తరం మొదట్లోనే గుర్తు చేస్తాడు.

జ్ఞానమ్మ 1874 డిసెంబరు 21న కన్నుమూసింది. వీరేశలింగం బడి తెరిచిన ఏడాదే. ఆ మరుసటి ఏడాది, 1875లో, ఇంగ్లండు మిల్‌హిల్ సభ గురువులకు ఈ తెలుగు ఊళ్లను అప్పగించారు. వాళ్లలో తియొడోర్ డీక్మన్ ఫిరంగిపురంలో బాల యేసు గుడి కట్టించాడు. తర్వాత 1904లో హాలండు నుంచి జె.ఎం.జె. (యేసు, మరియ, యోసేపు) సిస్టర్లు గుంటూరు వచ్చారు, బళ్లు, ఆస్పత్రులు పెరిగాయి, 1940లో గుంటూరు మేత్రాసనమైంది. ఈ వరసంతా పుస్తకాల్లో ఉంది. వచ్చినవాళ్లకు కట్టడానికి స్థలం, నడపడానికి డబ్బు కావలసి వచ్చింది. జపాలు నేర్పడం మాత్రం వాళ్లు అక్షరం నుంచి మొదలుపెట్టాల్సిన పని లేకపోయింది.

2014లో జ్ఞానమ్మను దైవ సేవకురాలిగా ప్రకటించారు, పునీతుల పట్టీ వైపు తొలి మెట్టు అది. 2021 నుంచి పోపు ఫ్రాన్సిస్ చెప్పినట్టు అన్నమ్మ పండుగ జూలై 26కి దగ్గర్లో, ఆ నెల నాలుగో ఆదివారాన్ని తాతల, అవ్వల, వృద్ధుల దినంగా జరుపుతున్నారు. మా వైపు విచారణల్లో ఆ రోజు ముసలివాళ్లను ముందు వరసలో కూర్చోబెట్టి శాలువాలు కప్పుతున్నారు. శాలువా కప్పుతుంటే ఒకావిడ ఫాదరుగారిని అడిగిందట, “పూజ తొందరగా కానిస్తారా స్వామీ, ఇంటికాడ పిల్లోడు ఒక్కడే ఉన్నాడు” అని.

వచ్చే వారం: ఫిరంగిపురం గుడి రాళ్లు, డీక్మన్ ఫాదరు.
(సశేషం)